ఆన్కా పేరిట కుట్టిన గౌను

జూలై 9, శుక్రవారం

ఇవాళ పొద్దున్నే నా నేస్తం మిరేలా నా చేతిలోంచి తువ్వాలు లాక్కుని సముద్రంలోకి విసిరేసింది.

బందరు మునిగాక కట్టుకున్న మా తెప్పల పట్నంలో బట్ట ఎంత అపురూపమో దానికి తెలియనిది కాదు. చిరిగిన చొక్కాల కాలర్లు కూడా విప్పి దాచుకునే మనుషులం. నేను చేసిందల్లా మొహం తుడుచుకున్న తువ్వాలుని వాళ్ళ పడవ మీద పక్కనున్న తొట్టిలో ఓసారి జాడించడమే. ఆ తొట్టిలో వాళ్ళ లంగాలు నానుతున్నాయి.

"ఏంటే, నీకేమన్నా పిచ్చా?" అన్నాను.

"పిచ్చి నాక్కాదు, నీకు. మొహం గుడ్డని లంగాల తొట్టిలో ముంచుతావా? ఇంక అది ఎంత ఉతికినా పోదు."

"ఏం పోదు?"

"మరిమే."

ఆ మాట వినగానే తువ్వాలు సంగతి మర్చిపోయాను. మరిమే అంటే ఏంటో చెప్పమని దాని వెంటపడ్డాను. నడుముకి పైన కట్టుకునే బట్టలకి ఒక తొట్టి, కింద కట్టుకునేవాటికి ఇంకో తొట్టి, గిన్నెలకి వేరే బేసిను. ఒకదాని నీళ్ళు ఇంకోదాంట్లో కలిస్తే ఆ వస్తువు అంటుపడినట్టే. వాళ్ళ నాయనమ్మ రూజా పడవ అంచున కూర్చుని రాగి గొట్టం తోముతూ నవ్వింది. "పిల్లకి తెలీదు కదా మిరేలా, తువ్వాలు విసిరితే విసిరావు, అరుపులెందుకు?" అంది. నేను కూడా ఆవిణ్ణి వాళ్ళలాగే "మామి" అంటాను. వాళ్ళ భాషలో నాయనమ్మని అలా పిలుస్తారు.

మరిమే అంటే మన మైలే! బొత్తిగా తెలియని వాళ్ళ ఇంట్లో మన నాయనమ్మ వాడే మాటకి అర్థం దొరికినట్టయింది. వాళ్ళు ఉప్పుని మన లవణంలాగే 'లోన్' అంటారు, ముక్కుని 'నాక్' అంటారు. వెయ్యేళ్ళ కిందట వాళ్ళ పూర్వీకులు మన దేశం నుంచే పడమరకి నడుచుకుంటూ పోయారని ఇందుమతి టీచరు చెప్పారు. వాళ్ళని వాళ్ళు రోమా అని చెప్పుకుంటారు. మా పాఠ్యపుస్తకంలో మాత్రం 'దేశదిమ్మరులు' అని ఉంది. ఊళ్ళోవాళ్ళు ఇంకా కుదించి 'దిమ్మర్లు' అంటారు. పడమటి రేవు పట్నాలు మునిగిపోయాక పది పడవల్లో వచ్చి, తొమ్మిదేళ్ళుగా మా తెప్పల చివర కట్టేసుకుని ఉన్నవాళ్ళు ఎటు తిరుగుతున్నట్టు?

సాయంత్రం అమ్మతో ఉతుకుడు తెప్ప మీద పనిచేశాను. పట్నం మొత్తం బట్టలు అక్కడికే వస్తాయి. ఉతికిన నీళ్ళు వడపోత గుండా మంచినీళ్ళ ట్యాంకులోకి తిరిగి పోతాయి. అందరం తాగేది అవే. తోక పడవలవాళ్ళు, అంటే మిరేలా వాళ్ళు, మాత్రం ఆ నీళ్ళు తాగరు, బట్టలూ వెయ్యరు. వాళ్ళకి సొంతంగా రాగి కాగు ఉంది. సముద్రపు నీళ్ళు మరిగించి ఆవిరి పట్టుకుంటారు.

జూలై 12, సోమవారం

బళ్ళో వక్తృత్వ పోటీ. అంశం: 'నేను కొత్తగా నేర్చుకున్న మాట'.

నేను మరిమే గురించి మాట్లాడాను. రెండు రోజులు అద్దం ముందు అభ్యాసం చేశాను. తొట్ల గురించి, మన మడి గురించి, వెయ్యేళ్ళు నడిచినా వదలని శుభ్రం గురించి చెప్పాను. మొదట చప్పట్లు కొట్టారు. చివర్లో నాకు బాగా నచ్చిన వాక్యం పెట్టుకున్నాను: "వాళ్ళు మన ఉతుకుడు తెప్పకి బట్టలు వెయ్యకపోవడం పొగరు వల్ల కాదు. అన్ని బట్టలూ ఒకే నీళ్ళలో ఉతకడం వాళ్ళ లెక్కలో మైల."

వెనక బెంచీల నుంచి ఎవరో, "అంటే మనం మైలా?" అన్నారు. నవ్వులు. ఆ తర్వాత ఆ నవ్వులు ఆగిపోయాయి. తెప్పల పెద్ద గోవర్ధనం గారు బహుమతులివ్వడానికి వచ్చారు. నా భుజం తట్టి, "భలే చెప్పావమ్మాయ్. మన గురించి వాళ్ళ మనసులో ఏముందో ఇన్నాళ్ళకి తెలిసింది," అన్నారు. మైకు ఆయన చేతిలోనే ఉంది.

నాకు రెండో బహుమతి వచ్చింది. పింగాణీ గ్లాసు.

అది తీసుకుని మిరేలా దగ్గరికి పరిగెత్తాను. అది నా మొహం కూడా చూడలేదు.

"మా ఇంటి తొట్ల సంగతి మైకులో చెప్పావంటగా?"

"మెచ్చుకుంటూ చెప్పానే!"

"నువ్వు మెచ్చుకున్నావు. వాళ్ళకేం వినపడింది?"

ఇంటికొస్తే అమ్మ ఇంకో రకం. "మాటలు నేర్చుకుంటున్నావని మురిసిపోయానే నాంచారీ. పదిమందిలో ఏది చెప్పాలో ఏది కూడదో ఎప్పుడు నేర్చుకుంటావ్? నేను ఉతికేది మైల నీళ్ళలో అని ఊరంతా వినేట్టు చెప్పొచ్చావు." బట్టల మూట దబ్బున పడేసింది. నేను మైల అన్నది నీళ్ళని కాదు, పద్ధతిని అని వివరించబోయాను. నా వివరణ నాకే వినబుద్ధి కాలేదు.

జూలై 17, శనివారం

మంచినీళ్ళలో సబ్బు వాసన. అమ్మకి చెబితే, "ముక్కు మూసుకుని తాగు," అంది.

మా వరసలో నాలుగు ఇళ్ళల్లో జ్వరాలు. ఒళ్ళంతా ఎర్రటి దద్దుర్లు, వాంతులు. బడి సగం ఖాళీ. మా క్లాసు పైడిరాజు మధ్యాహ్నం లెక్కల పీరియడ్‌లో బెంచీ మీద వాలిపోయాడు. వాళ్ళ నాన్న సింహాచలం తాళ్ళు పేనే మనిషి. వచ్చి ఎత్తుకుపోయాడు. వాడి కాళ్ళు గడప దాటేదాకా ఊగుతూనే ఉన్నాయి.

జూలై 21, బుధవారం

పైడిరాజు పోయాడు. అడుగున మునిగిపోయిన బందరు వైపు తిప్పి నీళ్ళలోకి వదిలారు. మా వాళ్ళందరినీ అలాగే వదులుతాం. ఇవాళ పాటుకి సముద్రం బాగా వెనక్కి తీసింది. పాత లైట్‌హౌస్ నెత్తి నల్లగా కనపడింది. సింహాచలం మావయ్య దానివైపే చూస్తూ నిలబడ్డాడు. ఎవరూ ఆయన్ని కదిలించలేకపోయారు.

సాయంత్రం నీళ్ళ వరసలో బిందె పట్టుకుని నిలబడితే విన్న మాటలు:

"దిమ్మర్ల పడవల్లో ఒక్కడికి కూడా ఒళ్ళు వెచ్చబడలేదంట. చూశావా?"

"ఎందుకు పడుద్దొదినా? మన నీళ్ళు మైల అని ముందే తెలుసుగా వాళ్ళకి. రాఘవమ్మ కూతురు చెప్పలా మైకులో?"

"ముందే ఎట్టా తెలిసింది మరి?"

"అదే కదా నేననేది."

ఆ 'అదే కదా' దగ్గర అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను వరసలోనే ఉన్నాను. "వాళ్ళు ఈ నీళ్ళు తాగరు కాబట్టి రాలేదు. అంతే!" అని గట్టిగా అన్నాను. ఒకావిడ నా వైపు తిరిగి, "అదేనమ్మా మేవూ అంటున్నది. ఎందుకు తాగరూ అని," అంది చాలా ప్రేమగా.

తిరిగి వస్తుంటే తోక పడవల మీద సున్నంతో గుర్తులు వేస్తున్నారు. ఒక్కో పడవకీ ఒక్కో అంకె. గోవర్ధనం గారి మనుషులు నలుగురు రాగి కాగుని మోసుకుపోతున్నారు. మిరేలా నాన్న స్తెవో వాళ్ళ వెనకే నడుస్తూ, "అయ్యా, అందులో ఏం లేదయ్యా, ఉత్త ఆవిరి. కావాలంటే ఇక్కడే వెలిగించి చూపిస్తాను," అంటున్నాడు. పరీక్ష చెయ్యాలి, అయ్యాక ఇచ్చేస్తాం అన్నారు.

"మరి మా తాగునీళ్ళో?" అన్నాడు స్తెవో.

"అందరూ తాగేవే తాగండి. మీకేమన్నా మైలా?"

జూలై 24, శనివారం

ఉతుకుడు తెప్ప అడుగున పాకుడు గోకడం నా వంతు. గోకుతూ వడపోత పెట్టె వరకూ పోయాను. మూత సరిగ్గా లేదు. లోపల గుడ్డ నిలువునా చీలి ఉంది. మురికి నీళ్ళు దాన్ని తాకకుండానే పక్కనుంచి ట్యాంకులోకి జారిపోతున్నాయి.

అమ్మని పిలిచాను. ఆశ్చర్యపోలేదు.

"నెల మొదట్లోనే పిగిలింది. గోవర్ధనం గారికి అప్పుడే చెప్పాను. కొత్తది వచ్చేదాకా ఎవరితోనూ అనొద్దన్నారు. జనం హడిలిపోతారన్నారు."

"అమ్మా, పైడిరాజు చచ్చిపోయాడు."

"తెలుసు."

"వాళ్ళ కాగు పట్టుకుపోయారు!"

"తెలుసని చెప్పానా లేదా?" అమ్మ చీపురు పట్టుకుని అటు తిరిగింది. "చెబితే ఏమవుద్దో నీకు తెలీదు. నన్ను తీసేస్తారు. తీసేసి, రాఘవమ్మే పాడుచేసింది అంటారు. అప్పుడు ఆ సున్నం గుర్తు మన తలుపు మీద పడుద్ది."

ఇంటికొచ్చి మా నీళ్ళు మాత్రం మరగబెట్టింది. ఒక డబ్బా నిండా నింపి, ఎవరికని చెప్పకుండా నా చేతికిచ్చింది. నేను తోక పడవలకి తీసుకెళ్ళాను. పది పడవలకి ఒక డబ్బా.

జూలై 28, బుధవారం

మిరేలా చెల్లెలు జీనాకి జ్వరం. మూడేళ్ళ పిల్ల. కాగు పోయాక తాగింది ట్యాంకు నీళ్ళే. నాలుగో రోజుకే దద్దుర్లు.

నేను మూర్ఖంగా, ఇప్పుడన్నా ఊరికి అర్థమవుతుంది అనుకున్నాను. జబ్బు రాకపోతే వాళ్ళే తెచ్చారన్నారు. మరి ఇప్పుడు? నీళ్ళ వరసలో జవాబు తయారుగా ఉంది: "చూశారా, రోగం వాళ్ళ దగ్గరే ఉంది. ఇన్నాళ్ళూ దాచారు."

మిరేలా నాతో మాట్లాడుతోంది. కోపం పోయి కాదు, ఇంకెవరూ అటువైపు రావట్లేదు కాబట్టి. జీనా నుదుటి మీద తడిగుడ్డ మారుస్తుంటే మామి నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని అడిగింది, "నీకెన్నేళ్ళు?"

"పదిహేను, మామీ."

"ఆన్కాకి కూడా పదిహేను," అంది.

ఆన్కా ఎవరో చెప్పింది. మామి వాళ్ళ అమ్మమ్మకి పిన్ని. చెక్ దేశంలో ఒక పల్లె. అక్కడ వాళ్ళు బకెట్లు, కాగులు బాగుచేసేవాళ్ళు. జర్మన్లు రావడానికి చాలా ఏళ్ళ ముందే అక్కడి కచేరీవాళ్ళు రోమాలందరి వేలిముద్రలూ తీసుకుని కార్డులిచ్చారు. "దేశం మీద తిరిగేవాళ్ళ మీద కన్నేసి ఉంచడానికని చెప్పారంట. అంతే. ఎవర్నీ కొట్టలేదు. తర్వాత హిట్లరు మనుషులొచ్చేసరికి మమ్మల్ని వెతకాల్సిన పనే లేకపోయింది. కార్డులు తెరిచి చూసుకున్నారు."

రైళ్ళలో ఆష్విట్జ్‌కి తీసుకుపోయారు. అక్కడ రోమాలకీ, వాళ్ళ బంధువులు సింతీలకీ ఒక క్యాంపు ఉండేది. కుటుంబాలు కుటుంబాలుగా అందులో కుక్కారు. ఆకలి, పేలు, జ్వరాలు. 1944లో పనిచెయ్యగల వాళ్ళని ఏరి వేరే చోట్లకి పంపారు. ఆన్కా వాళ్ళ అక్కని పంపారు. అందుకే మామి పుట్టింది. ఆన్కాకి అప్పుడు ఒళ్ళు కాలిపోతోంది. పనికిరాదన్నారు. ఆగస్టు రెండో తేదీ రాత్రి మిగిలినవాళ్ళందరినీ, పిల్లల్నీ తల్లుల్నీ ముసలివాళ్ళనీ, నాలుగు వేలమందికి పైగా మనుషుల్ని విషవాయువు గదుల్లోకి తోలి చంపేశారు. యుద్ధమంతా కలిపితే చచ్చిపోయిన రోమాలు లక్షల్లో ఉన్నారు.

"యుద్ధం అయ్యాక?" అని అడిగాను.

"ఆన్కా అక్క, మా ముత్తవ్వ, కచేరీకి పోయి చెప్పుకుంది. మీరు దొంగలు కాబట్టి పట్టుకున్నారు, రోమాలని కాదు అన్నారు. అది నేరమని ఒప్పుకోవడానికే వాళ్ళకి బోలెడన్ని ఏళ్ళు పట్టింది."

ఆ తర్వాత మామి తను అడగాలనుకున్నది అడిగింది. వాళ్ళలో మనిషి పోతే పొమానా అనే విందు చేస్తారు. పోయినవాళ్ళ ఈడు మనిషిని ఒకరిని పిలిచి, తలగుడ్డ నుంచి చెప్పుల దాకా కొత్తవి తొడిగి, పోయినవాళ్ళ చోట కూర్చోబెట్టి తినిపిస్తారు. ఇక్కడ వీళ్ళు కట్టుకున్నవి అక్కడ వాళ్ళకి చేరతాయట. మన తద్దినంలో భోక్త కూర్చున్నట్టే అనిపించింది నాకు. కాకపోతే ఇక్కడ బట్టలు ముఖ్యం, ఈడు ముఖ్యం. ఆన్కా గుడ్డల్లేకుండా పోయింది. అందుకని వాళ్ళింట్లో ప్రతి ఆగస్టు రెండుకీ ఒక పదిహేనేళ్ళ పిల్లకి కొత్త బట్టలు పెడతారు. ఇంటి పిల్ల పనికిరాదు. ఈ ఏడు పది పడవల్లో ఆ ఈడు పిల్ల లేదు.

"కూర్చుంటావా?" అంది మామి. "అందరూ చూస్తారు. మా చేతి తిండి తినాలి. ఆలోచించుకుని చెప్పు."

నేను ఆలోచించకుండానే కూర్చుంటానన్నాను. ఇంటికొచ్చాక మాత్రం చాలాసేపు ఆలోచించాను.

ఆగస్టు 1, ఆదివారం

పొమానా సంగతి అమ్మకి నాలుగు రోజుల తర్వాత, ఇవాళ పొద్దున చెప్పాను. తిడుతుందనుకున్నాను. బియ్యంలో రాళ్ళేరుతూ ఆపకుండా మాట్లాడింది, ఎప్పుడూ అంతసేపు మాట్లాడని మనిషి.

"మా అమ్మమ్మకి ముత్తవ్వ కంచె లోపల పుట్టింది. సెటిల్మెంటనేవాళ్ళంట. మన ఎరుకలోళ్ళు పుట్టుకతోనే దొంగలని తెల్లదొరలు చట్టం రాశారు. తట్టలల్లుకుని ఊరూరా తిరిగే మనుషులు. వాళ్ళని తెచ్చి కంచెలో పెట్టి పొద్దునా రాత్రీ హాజరేశారు. పక్కూరు పోవాలంటే చీటీ కావాలి. ఎక్కడ ఏ కోడి పోయినా ముందు మన గుడిసెల్లోకే వచ్చేవాళ్ళు. దొరలు పోయాక చట్టం కొట్టేశారు. జనం నోట్లోంచి మాత్రం పోలా."

"మనం ఎరుకలవాళ్ళమా అమ్మా?"

"తెప్పల మీదికి వచ్చినప్పుడు ఎవరూ అడగలా. నేనూ చెప్పలా. అదీ సంగతి." చేట పక్కన పెట్టింది. "అందుకే భయం నాకు. అది పిరికితనం అనుకో, ఏమన్నా అనుకో."

నేనేమీ అనుకోలేదు. ఎరుక అంటే జ్ఞానం అని బళ్ళో నేర్చుకున్నాను. ఆ మాట మా ఇంటిదని తెలీదు.

మధ్యాహ్నం బడి తెప్ప మీద సభ. పట్నమంతా వచ్చింది. రోమాల్ని పిలవలేదు. గోవర్ధనం గారు నెమ్మదిగా, మర్యాదగా మాట్లాడారు. ఎల్లుండి పొద్దున, పాటు మొదలవగానే, తోక పడవల తాళ్ళు కోసేద్దామన్నారు.

ఇందుమతి టీచరు లేచారు. "వానాకాలం సముద్రమండీ. మంచినీళ్ళ కాగు మన దగ్గరుంది. తాళ్ళు కోస్తే వాళ్ళు ఎన్నాళ్ళు బతుకుతారు?"

"మనం ఎవర్నీ చంపట్లేదు టీచరుగారూ. పడవలు వాళ్ళవే, ఉంచుకోమనండి. తాళ్ళు మాత్రం మనవి."

"కాగన్నా ఇచ్చి పంపండి."

"పరీక్షలో ఉంది."

నవ్వులు. టీచరు ఇంకేదో అంటుంటే "కూర్చోవమ్మా, కూర్చో" అని నలువైపుల నుంచీ కేకలు. ఆమె కూర్చోలేదు గానీ గొంతు వినపడలేదు.

అప్పుడు పక్కనుంచి అమ్మ లేచింది. నా చెయ్యి వదిలించుకుని లేచింది. వడపోత గుడ్డ పిగిలిందని, ఎప్పుడు పిగిలిందో, ఎవరికి చెప్పిందో, ఆయన ఏమన్నాడో మొత్తం చెప్పేసింది. "జ్వరం నీళ్ళలో ఉంది. ఆ నీళ్ళు నా చేతిమీదుగా మీకొచ్చినయ్. వాళ్ళకి దీంతో ఏ సంబంధమూ లేదు."

ఇక అయిపోయింది, వాళ్ళు బతికారు అనుకున్నాను. నిజం చెప్పాక ఇంకేం కావాలి?

గోవర్ధనం గారు తల వంచుకుని, మళ్ళీ ఎత్తారు. "వడపోత విషయంలో పొరపాటు జరిగింది. ఒప్పుకుంటున్నాను. రేపే కుట్టిస్తాం. రాఘవమ్మని మారుస్తాం. కానీ అది వేరు, ఇది వేరు. మన నీళ్ళు తాగి, మన తాళ్ళకి వేళ్ళాడుతూ, మనల్ని మైల అనుకునేవాళ్ళతో ఇంకెన్నాళ్ళు?"

"అవును!" అన్నారు ఎవరో. ఇంకెవరో అన్నారు. సింహాచలం మావయ్య లేచి నిలబడ్డాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నా కొడుకు పోయాడు. మీరు గుడ్డ ముక్క అంటారు, వడపోత అంటారు. గుడ్డ ముక్కని నేనేం చెయ్యను? ఆ తాళ్ళు పేనింది నేను. కోసేదీ నేనే."

చేతులెత్తమన్నారు. లెక్కపెట్టాల్సిన అవసరం లేకపోయింది. ఎత్తనివాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళు నేలకేసి చూస్తున్నారు.

నా ప్రసంగంలోంచి వాళ్ళు ఒక్క మాట తీసుకున్నారు. మిగతాదంతా నాకే వదిలేశారు.

ఆగస్టు 2, సోమవారం

గౌను ఆకుపచ్చది. మామి తన పడవ కిటికీ తెరలు విప్పి కుట్టింది. ఎర్ర తలగుడ్డ. స్తెవో పాత టైరు కోసి చెప్పులు చేశాడు. మిరేలా నా జుట్టు రెండు జడలల్లింది. ఆన్కా అలాగే వేసుకునేదట. "గట్టిగా లాగకే," అన్నాను. "ఆన్కా అయితే నోరు మూసుకుని కూర్చునేది," అంది. ఇద్దరం నవ్వాం. పక్కనే చాప మీద జీనా ఉంది. కళ్ళు తెరిచి మూస్తోంది, ఏడవడం కూడా మానేసింది.

మొదటి పడవ మీద బల్ల వేశారు. రేపు తాళ్ళు కోసేది ఆ పడవ ముందే. మధ్యాహ్నం ఎండలో, పట్నం అంచున జనం గుంపుగా నిలబడి చూస్తున్నారు.

"రాఘవమ్మ కూతురురోయ్! వేషం చూడండి."

"తింటదేమో చూద్దాం."

"తింటే రేపు దాన్ని కూడా కట్టి పంపాల."

మామి నన్ను బల్ల చివర కూర్చోబెట్టింది. నా పేరుతో పిలవలేదు. "ఆన్కా, దాహంగా ఉంటావు. ముందు నీళ్ళు తాగు," అంది. గ్లాసులో ఉన్నవి ట్యాంకు నీళ్ళే. మరగబెట్టారని తెలుసు. అయినా నాకు పైడిరాజు కాళ్ళు గుర్తొచ్చాయి. తాగేశాను.

తర్వాత అన్నం, కానాగంత చేపల పులుసు. పది పడవల వాళ్ళూ తమ వంటలోంచి ఒక్కో ముద్ద తెచ్చి నా పళ్ళెంలో పెట్టారు. పెట్టే ప్రతివాళ్ళూ ఏదో ఒక మాట చెప్పారు. ఒకావిడ, "అక్కడ చలిగా ఉంటే ఈ తలగుడ్డ కప్పుకో," అంది. స్తెవో, "చెప్పులు కొంచెం బిగుతుగా ఉన్నయ్యి, నాలుగడుగులు నడిస్తే సర్దుకుంటాయ్," అన్నాడు. మామి అన్నిటికంటే చివర వచ్చి, "మీ అక్క బతికింది. పిల్లల్ని కన్నది. మేమంతా ఉన్నాం. ఇంక బెంగ పెట్టుకోకు," అంది. నేనేమన్నా మాట్లాడాలా అని మిరేలా వైపు చూశాను. వద్దన్నట్టు తలూపింది. జవాబు చెప్పే హక్కు నాకు లేదు. అంతసేపు మాట్లాడకుండా కూర్చోవడం నాకు అదే మొదటిసారి.

అంచున నిలబడ్డ గుంపు మెల్లగా పల్చబడింది. సింహాచలం మావయ్య మాత్రం చివరిదాకా ఉన్నాడు. చేతులు కట్టుకుని.

బల్ల ఎత్తేశాక మామిని అడిగాను, "ఈ గౌను ఎన్నాళ్ళు వేసుకోవచ్చు?"

"నీదే. ఎన్నాళ్ళయినా."

"అయితే రేపు పొద్దున కూడా వేసుకుంటాను. ఇక్కడే, ఈ పడవ ముక్కు దగ్గర కూర్చుంటాను. నన్ను పెట్టుకుని తాడెట్టా కోస్తారో చూస్తాను."

మామి మొహం మారిపోయింది. "వద్దు. ఆన్కాకి బట్టలు పెట్టింది ఇంకో పిల్లని పడవెక్కించడానికి కాదు. ఇంటికి పో."

"పోను."

"మిరేలా, దీన్ని పంపెయ్యవే."

"అది నా మాట ఎప్పుడన్నా విన్నదా మామీ?" అంది మిరేలా. అని, తల పక్కకి తిప్పేసుకుంది.

అప్పుడే అమ్మ వచ్చింది. రెండు చేతులా నీళ్ళ డబ్బాలు. ఉతుకుడు తెప్ప తాళంచెవి పొద్దున్నే లాగేసుకున్నారట. డబ్బాలు జీనా పక్కన దించి, నా గౌను కింద అంచు చూసి, "కుట్టు గట్టిగానే ఉంది," అంది మామితో. మామి, "కూతుర్ని తీసుకుపోమ్మా," అంది. అమ్మ జీనా పక్కన కూర్చుని దాని అరికాళ్ళు రుద్దడం మొదలుపెట్టింది. కాసేపటికి మామి కూడా పక్కన కూర్చుంది.

ఇప్పుడు ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను. గౌను విప్పలేదు. రేపు చీకటితోనే లేవాలి. అమ్మ పొయ్యి ముట్టిస్తుంది, ఇంట్లో ఉన్న గిన్నెలన్నిట్లో నీళ్ళు మరగబెట్టి పట్టుకెళ్ళాలి. పాటు తియ్యకముందే మొదటి పడవ ముక్కు దగ్గర, తాళ్ళ ముడుల మీద అమ్మా నేనూ కూర్చుంటాం. ఇందుమతి టీచరు తనూ వస్తానన్నారు. వస్తారో రారో తెలీదు. నిన్న చెయ్యి ఎత్తనివాళ్ళ ఇళ్ళకి దారిలో పోయి తలుపులు కొట్టాలని అమ్మ అంటోంది. ఏడు తలుపులు గుర్తున్నాయి.

సింహాచలం మావయ్య గొడ్డలి తెస్తాడు. ఆయనకి ముందు పైడిరాజు గురించి చెబుతాను. లెక్కల పీరియడ్‌లో వాడు వాలిపోయే ముందు నన్ను పెన్సిలు అడిగాడని, నేనిచ్చానని ఆయనకి తెలీదు. తర్వాత ఆన్కా గురించి, మొదటినుంచీ చెబుతాను. ఎంతవరకు వింటే అంతవరకు. ఆయన మధ్యలో ఆపి గొడ్డలెత్తినా సరే, ముడి మీదనుంచి లేవను.